గడ్డిమందు నుంచి గొలుసు అణువుల దాకా

రెండు ఉంగరాలు ఒకదానిలో ఒకటి లంకె పడి ఉంటాయి. వాటి మధ్య రసాయన బంధం ఒక్కటీ ఉండదు. అయినా వాటిని వేరు చేయడం కుదరదు; చేయాలంటే ఏదో ఒక ఉంగరాన్ని తెంచాల్సిందే. ఇలాంటి అణువులను కేటనేన్లు అంటారు. ఉంగరంలోంచి ఒక పోగు దూరి, జారిపోకుండా దాని రెండు కొసలా లావుపాటి అడ్డాలు ఉంటే అది రొటాక్సేన్. అణుయంత్రాల నిర్మాణానికి 2016లో రసాయన శాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఇద్దరు, జాన్ పియర్ సోవాజ్, ఫ్రేజర్ స్టొడార్ట్, ఈ లంకె ఉంగరాలతోనే అక్కడిదాకా చేరారు. మూడో వ్యక్తి బెన్ ఫెరింగాది వేరే దారి.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుకు ఇదంతా ఎక్కడో ఐరోపా ప్రయోగశాలల గొడవగా తోచవచ్చు. కానీ స్టొడార్ట్ కట్టిన ఉంగరంలో రెండు పక్కలా ఉన్నది ఆ రైతుకు బాగా తెలిసిన మందు అణువే. పత్తి సాళ్ల మధ్య కలుపు మీద కొట్టే పారాక్వాట్ అది. గ్రామాక్సోన్ పేరుతో ఊరూరా తెలిసిన గడ్డిమందు. గడ్డిని మాడ్చే గుణం, ఉంగరాలకు లంకె వేసే గుణం ఆ అణువులో ఒకే మూలం నుంచి వచ్చాయి. అణువులు తమంతట తామే ఎలా కూడుకుంటాయన్న పెద్ద ప్రశ్న ఈ ఒక్క అణువు వెంట నడిస్తే చాలావరకు తేటపడుతుంది.

అదృష్టం మీద నడిచిన రోజులు

కంసాలి గొలుసు అల్లేటప్పుడు తెరిచిన లంకెను పక్క లంకెలో దూర్చి, ఆ తర్వాత నోరు మూసి అతుకు వేస్తాడు. రసాయనవేత్తకు ఆ వీలు లేదు. ఉంగరం అడ్డుకొలత నానోమీటరు చుట్టూ ఉంటుంది. పట్టుకారుకు అందేది కాదు. పాత్రలో లెక్కలేనన్ని అణువులు ఏ దిక్కుకంటే ఆ దిక్కుకు కొట్టుకుంటుంటాయి. పోగు రెండు కొసలూ కలిసి మూసుకునే సమయానికి అది మరో ఉంగరంలో దూరి ఉంటేనే లంకె పడుతుంది.

1960లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఎడెల్ వాసర్‌మన్ ఆ అవకాశాన్నే నమ్ముకున్నాడు. 34 కార్బన్ల ఉంగరాలున్న ద్రావణంలో పొడవాటి పోగుల కొసలు కలిపాడు. ఏ ఉంగరం ఏదో గుర్తుపట్టడానికి ఒక రకంలో హైడ్రోజన్ బదులు కొంత డ్యుటీరియం పెట్టాడు. లంకె పడ్డ అణువులు దొరికాయి గానీ దిగుబడి నూటికి ఒకటి దగ్గరే ఆగింది. 1967లో హారిసన్ దంపతులు ఉంగరాలను రెసిన్ గుళికలకు అంటించి, వాటి మీదుగా పోగులను, అడ్డాలను ఒకసారి కాదు, 70 సార్లు పంపారు. చివరికి చేతికొచ్చిన రొటాక్సేన్ 6 శాతం. ఈ లోగా జర్మనీలో గాట్‌ఫ్రీడ్ షిల్, ఆర్థర్ లుట్రింగ్‌హౌస్ అదృష్టాన్ని పక్కనపెట్టి, ముక్కలన్నిటినీ ముందు బంధాలతో ఒకచోట కట్టేసి, ఉంగరాలు మూసుకున్నాక ఆ కట్లు కోసే పద్ధతి తెచ్చారు. పని జరిగింది, మెట్లు మాత్రం ఎక్కువ. అందువల్ల ఇరవై ఏళ్లపాటు కేటనేన్లు వింత వస్తువులుగానే మిగిలాయి.

1983లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆ స్థితి మారింది. సోవాజ్ అప్పుడు కాంతిని పట్టే రాగి సమ్మేళనాలతో పనిచేస్తున్నాడు. రాగి అయాన్ తన చుట్టూ నాలుగు నైట్రోజన్లను కోరుకుంటుంది. ఫినాంత్రోలీన్ అనే అణువుకు రెండేసి నైట్రోజన్లుంటాయి. ఒక ఫినాంత్రోలీన్ ఉంగరంలో ఉండి, మరొకటి పోగులో ఉంటే, రాగి ఆ రెంటినీ పట్టుకుని ఒకదానికొకటి అడ్డంగా నిలబెడుతుంది. అంటే పోగు ఉంగరంలో దూరే ఉంటుంది. కొసలు మూస్తే కేటనేన్. తర్వాత సయనైడ్‌తో రాగిని తొలగిస్తే ఉంగరాలు మిగులుతాయి. దిగుబడి 42 శాతానికి ఎగబాకింది. అంతవరకు లంకె పడటం యాదృచ్ఛికం. రాగి వచ్చాక అది అణువుల మధ్య ఆకర్షణ చేసే పని అయింది. స్వయంకూర్పు అన్న మాటకు అర్థం ఇదే. ముక్కలకు ఒకదాని మీద ఒకదానికి మొగ్గు ఉంటే, సరైన అమరికను అవే వెతుక్కుంటాయి.

గడ్డిమందును పట్టే ఉంగరం

పారాక్వాట్ చిన్న అణువు. రెండు పిరిడీన్ వలయాలు వెన్నుకు వెన్ను అతుక్కుని, వాటి చెరో నైట్రోజన్ మీద ఒక మిథైల్ సమూహం, ఒక ధనావేశం ఉంటాయి. అణువు చదునైనది, రెండు ధనావేశాల వల్ల ఎలక్ట్రాన్ల కోసం ఆవురావురుమంటూ ఉంటుంది. 1882లోనే దీన్ని తయారు చేశారు. 1930ల్లో లియొనార్ మైకేలిస్ దీన్ని సూచికగా వాడాడు: ఒక ఎలక్ట్రాన్ అందితే చాలు, రంగులేని ద్రావణం గాఢ నీలమవుతుంది. గడ్డిని చంపుతుందన్న సంగతి 1955లో బ్రిటిష్ కంపెనీ ఐసీఐ పరిశోధకులకు తెలిసింది. 1962లో అది అమ్మకానికి వచ్చింది. మన దేశంలో ఈ మందు నమోదైన పంటల్లో పత్తి ఒకటి.

చేలో జరిగేది ఇది. ఆకు ఎండను పట్టి ఎలక్ట్రాన్లను ఒక వరసలో పంపుతుంది. పారాక్వాట్ ఆ వరసలో చొరబడి ఎలక్ట్రాన్‌ను కాజేస్తుంది. మరుక్షణం దాన్ని ఆక్సిజన్‌కు అంటగట్టి మళ్లీ ఖాళీ చేతులతో వస్తుంది. ఆ ఆక్సిజన్ ఆకు పొరలను చీల్చేస్తుంది. ఒక అణువే ఈ పని మళ్లీ మళ్లీ చేస్తుంది. అందుకే ఎండ కాసే పూట కొడితే గంటల్లో కలుపు వాడిపోతుంది. మందు తగిలినచోటే పనిచేస్తుంది కాబట్టి వేళ్లలో ప్రాణం పెట్టుకున్న తుంగ, గరిక మళ్లీ లేస్తాయి. గుంటక తోలడానికి అదను దాటి, కలుపు తీసే కూలీలు దొరకని రోజుల్లో రైతు దీనివైపు మొగ్గడానికి కారణం ఆ వేగమే.

స్టొడార్ట్ స్కాట్లాండ్‌లో సేద్యపు కుటుంబంలో పెరిగినవాడు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1978 నుంచి మూడేళ్లు రన్‌కార్న్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో గడిపాడు. అప్పటికి చార్లెస్ పెడర్సన్ కనుగొన్న క్రౌన్ ఈథర్లు రసాయన లోకాన్ని ఊపేస్తున్నాయి. ఇవి ఆక్సిజన్లు పొదిగిన ఉంగరాలు; లోహ అయాన్లను నడిమధ్యన పట్టి ఉంచుతాయి. లోహాన్ని పట్టే ఉంగరం గడ్డిమందును పట్టదా అన్నది ఐసీఐ ముంగిట వచ్చిన ప్రశ్న. హోవర్డ్ కోల్‌కున్ తదితరులతో కలిసి ముందు పారాక్వాట్ తోబుట్టువు డైక్వాట్‌కు సరిపోయే ఉంగరం దొరికించుకున్నారు. పారాక్వాట్‌కు నప్పే 34 పరమాణువుల ఉంగరం 1987లో వచ్చింది. ఆ ఉంగరానికి ఎదురెదురుగా రెండు బెంజీన్ పలకలు ఉంటాయి. వాటిలో ఎలక్ట్రాన్లు పుష్కలం. ఎలక్ట్రాన్లు కరువైన పారాక్వాట్ ఆ రెండు పలకల నడుమ చక్కగా ఇమిడింది. రంగులేని ద్రావణాలు రెండు కలిస్తే నారింజ ఎరుపు తేలింది. ఎలక్ట్రాన్ల మొగ్గు అటునుంచి ఇటు మళ్లిందనడానికి ఆ రంగే సాక్ష్యం.

అక్కడినుంచి స్టొడార్ట్ ప్రశ్నను తిరగేశాడు. పారాక్వాట్ ఉంగరంలో దూరుతున్నప్పుడు, పారాక్వాట్‌నే ఉంగరంగా చేస్తే? రెండు పారాక్వాట్ గర్భాలను రెండు బెంజీన్ ముక్కలతో చతురస్రంగా కలిపిన పెట్టె 1988లో తయారైంది. మరుసటి ఏడాది ఆ పెట్టెను క్రౌన్ ఈథర్ సమక్షంలో కట్టారు. సగం కట్టిన పెట్టె క్రౌన్‌లోకి దానంతటదే దూరింది; అక్కడే మూసుకుంది. దిగుబడి 70 శాతం. లోహం అవసరం పడలేదు, డెబ్బై సార్లు తిప్పడం అవసరం పడలేదు. ఒక మెట్టులో, మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర జరిగిన పని అది.

ఈ లంకెలో ఎలక్ట్రాన్ల మొగ్గుతో పాటు మరో చిన్న బలం కూడా పనిచేస్తుంది. పారాక్వాట్ వలయాల కార్బన్ల మీది హైడ్రోజన్లు క్రౌన్ ఆక్సిజన్లను సుతారంగా పట్టుకుంటాయి. ఇంత బలహీనమైన దాన్ని హైడ్రోజన్ బంధం అనవచ్చా అని శాస్త్రవేత్తలు చాలాకాలం తగువులాడారు. ఆ తగువు తీర్చడంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి పెద్ద పాత్ర ఉంది. 1979 నుంచి ముప్పై ఏళ్లు అక్కడ పనిచేసిన గౌతమ్ దేశిరాజు స్ఫటికాల్లో ఈ కార్బన్–హైడ్రోజన్–ఆక్సిజన్ పట్టు నిజమని, అణువులు ఎలా పేరుకోవాలో అది నిర్ణయించగలదని 1991లో వివరంగా రాశాడు. అణువులు ఏ జోడింపులతో కూడుకుంటాయో వాటిని ప్రమాణాలుగా తీసుకుని స్ఫటికాన్ని ముందే రూపకల్పన చేయవచ్చని 1995లో ప్రతిపాదించాడు. స్టొడార్ట్ బృందం కూడా 1999లో తమ లంకెలకు ఈ పట్టు ఎంత కీలకమో చూపించింది. కేటనేన్లను నిలబెట్టేది ఒక్క బలం కాదు. విడివిడిగా లెక్కకు రాని అనేక చిన్న బలాల మొత్తం.

రేగడిలో, ఆస్పత్రిలో

చేలో కొట్టిన పారాక్వాట్ నేల మీద పడితే పెద్దగా పనిచేయదు. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ జాతి బంకమన్ను మెండు. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే గుణం దానిదే. ఆ మట్టి రేణువు పలుచని పొరల దొంతర. పొరల మీద రుణావేశం ఉంటుంది. రెండు ధనావేశాల చదునైన పారాక్వాట్ ఆ పొరల సందులోకి దూరి పరుచుకుంటుంది, తేలిగ్గా బయటికి రాదు. క్రౌన్ ఈథర్ పలకల మధ్య ఇమిడినదే, ఆవేశాల పట్టుతో, మట్టి పొరల మధ్యా ఇముడుతుంది. ప్రయోగశాలలో లంకె వేసిన రెండు గుణాలు, చదునుతనం, ధనావేశం, పత్తి నేలలో మందును కట్టిపడేస్తున్నాయి.

ఆస్పత్రిలోనూ అదే మట్టి పనికొస్తుంది. పారాక్వాట్ లోపలికి పోయిన మనిషికి వైద్యులు ముందుగా ఇచ్చేవాటిలో బొగ్గుపొడితో పాటు ఫుల్లర్స్ ఎర్త్, అంటే ముల్తానీ మట్టి, ఉంటుంది. పేగుల్లో మిగిలిన మందును అది పట్టుకుంటుందని ఆశ. మూత్రంలో మందు ఉందో లేదో తేల్చే పరీక్షలో డైథయొనైట్ కలుపుతారు. నీలం తిరిగితే ఉన్నట్టు. మైకేలిస్ చూసిన నీలం అదే. రక్తంలో కలిశాక ఈ అణువు ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఆకులో ఆడిన ఎలక్ట్రాన్ ఆటే అక్కడా ఆడుతుంది. ఆక్సిజన్ ఎక్కువిస్తే హాని పెరుగుతుంది కనుక శ్వాస అందని రోగికి కూడా దాన్ని ఆచితూచి ఇవ్వాల్సి వస్తుంది. నిర్ధారిత విరుగుడు ఇంతవరకు లేదు. స్వీడన్ 1983లో, ఐరోపా యూనియన్ 2007లో, దక్షిణ కొరియా 2012లో దీన్ని వదిలించుకున్నాయి. నిషేధం తర్వాత కొరియాలో పురుగుమందుల ఆత్మహత్యలు తగ్గాయి. మన దేశంలో కేరళ 2011లో నిషేధించింది.

మిరప ఘాటు, పిండి ఉంగరం

గుంటూరు యార్డుకొచ్చే మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ కూడా ఉంగరాల చర్చలోకి వస్తుంది. సైక్లోడెక్స్ట్రిన్లు పిండి పదార్థం నుంచి బ్యాక్టీరియా ఎంజైము తయారుచేసే ఉంగరాలు. ఆరు, ఏడు లేక ఎనిమిది గ్లూకోజులు గుండ్రంగా అతుక్కుని ఉంటాయి. 1891లో విలియర్స్ వీటిని మొదట చూశాడు. బయటి అంచుకు నీరంటే ఇష్టం, లోపలి బోలుకు నూనె స్వభావం. నీటిలో కరగని క్యాప్సైసిన్ ఆ బోలులోకి దూరితే నీటిలో తేలిగ్గా కలుస్తుంది, మంట కూడా కొంత అదుపులోకి వస్తుంది. ఆహారం, మందుల తయారీ రంగాల వారు దీనిమీద పరిశోధనలు చేశారు.

అయితే ఇది లంకె కాదు. క్యాప్సైసిన్ ఎలా దూరిందో అలాగే బయటికొస్తుంది. దూరడం ఒకటి, బందీ కావడం వేరొకటి. రెండు కొసలా అడ్డాలు బిగిస్తేనే రొటాక్సేన్. 1992లో జపాన్‌లో అకిరా హరాద బృందం ఈ తేడాను గొప్పగా వాడుకుంది: పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పొడవాటి పోగును సైక్లోడెక్స్ట్రిన్లతో కలిపితే ఉంగరాలు వాటంతటవే వరసగా పోగు మీదికి ఎక్కాయి, అప్పుడు కొసలు బిగించారు. 2001లో టోక్యోలో కోజో ఇతో బృందం అలాంటి పోగుల మీది ఉంగరాలను రెండేసి చొప్పున జతచేసి, ఆ జతలే అతుకులుగా ఉన్న జెల్ తయారుచేసింది. అతుకులు పోగుల మీద జారగలవు కాబట్టి లాగితే ఒత్తిడి అంతటా పంచుకుంటుంది. గీతలు పడని పూతలుగా ఇది బజారుకు చేరింది. లంకె అణువుల్లో సామాన్యుడి చేతికి మొదట అందినవాటిలో ఇదొకటి.

తలా ఒక దారి

లోహం, ఎలక్ట్రాన్ల మొగ్గు తర్వాత మూడో దారి హైడ్రోజన్ బంధాలది. 1992లో క్రిస్ హంటర్, ఫ్రిట్జ్ ఫొగ్ట్లె వేరువేరుగా ఎమైడ్ ఉంగరాలు తయారుచేస్తుంటే పాత్రలో కేటనేన్లు కూడా కనిపించాయి. 1995లో డేవిడ్ లీ కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టే ఉంగరం చేయబోతే అడగని గొలుసు వచ్చిపడింది. 1994లో మకోతో ఫుజిత మరో వింత చూపించాడు. ముందే మూసుకున్న రెండు లోహ ఉంగరాలు నీటిలో, గాఢత పెంచితే, పూర్తిగా కేటనేన్‌గా మారిపోయాయి. అతుకులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే రకం కావడంతో, అణువులు మెరుగైన అమరిక దొరికేదాకా తమను తామే సరిచేసుకున్నాయి.

2006లో లీ బృందం పద్ధతిలో లోహం అచ్చుగా నిలబడుతూనే అతుకు వేసే ఉత్ప్రేరకంగానూ పనిచేసింది. ఉంగరం నడిబొడ్డునే అతుకు పడుతుంది కనుక లంకె తప్పనిసరి. ఇదే పద్ధతితో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో రమేశ్ జాస్తి బృందం వట్టి బెంజీన్లను గుండ్రంగా కూర్చిన నానోహూప్‌లకు లంకెలు వేస్తోంది. జాస్తి అన్న ఇంటిపేరు గుంటూరు, కృష్ణా పాఠకులకు కొత్తది కాదు. కార్బన్ నానోట్యూబ్ నుంచి కోసిన ముక్కలాంటి ఆ బెంజీన్ ఉంగరాన్ని 2008లో కరొలిన్ బెర్టొజీ ప్రయోగశాలలో మొదటిసారి తయారు చేసింది ఆయనే. ఏ పట్టూలేని వట్టి కార్బన్ ఉంగరాలు ఆకర్షణ మీద కూడుకోవు. అందుకే అతుకు పడే చోటునే శాసించాల్సి వచ్చింది.

జీవకణం ముందే చేసిన పని

ప్రయోగశాల కంటే చాలా ముందే జీవులు లంకె ఉంగరాలతో వేగుతున్నాయి. 1967లో జెరోమ్ వినోగ్రాడ్ బృందం మనిషి కణాల మైటోకాండ్రియాలో గొలుసుగా లంకె పడ్డ డీఎన్ఏ ఉంగరాలను చూసింది. కాలాజార్ తెచ్చే లీష్మానియా జాతిలో వేల డీఎన్ఏ ఉంగరాలు లంకె పడి ఒకే వలగా ఉంటాయి.

2002లో మన చేలకు వచ్చిన బీటీ పత్తికి జన్యువునిచ్చిన బాసిల్లస్ తురింజియెన్సిస్ కూడా మట్టిలో ఇదే చిక్కు ఎదుర్కొంటుంది. దాని డీఎన్ఏ ఉంగరం. నకలు తీసేసరికి రెండు ఉంగరాలు లంకె పడి ఉంటాయి. విడదీయకపోతే కణం రెండుగా చీలలేదు. టోపోఐసోమరేజ్ అనే ఎంజైము ఒక ఉంగరాన్ని తెంచి, రెండోదాన్ని ఆ సందులోంచి దాటించి, తిరిగి అతుకు వేస్తుంది. మందుల షాపులో దొరికే సిప్రోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాను చంపేది ఈ జాతి ఎంజైముల్ని తెంచిన దశలోనే స్తంభింపజేసి.

కదలిక, దాని లెక్క

లంకె పడ్డ ఉంగరాలకు అసలు ఆకర్షణ కదలికలో ఉంది. 1991లో స్టొడార్ట్ బృందం పోగు మీద రెండు మజిలీల మధ్య తిరిగే పారాక్వాట్ పెట్టెను చూపింది. తర్వాత చేసిన రకాల్లో ఒక మజిలీ నుంచి ఎలక్ట్రాన్ లాగేస్తే పెట్టె రెండోదానికి జరుగుతుంది. తిరిగి ఇస్తే వెనక్కి వస్తుంది. 2007లో జేమ్స్ హీత్‌తో కలిసి ఇలాంటి అణువులతో లక్షా అరవై వేల బిట్ల జ్ఞాపకశక్తి పలకను తయారుచేశారు. అణువులు కొద్దిసార్లు తిప్పేసరికి పాడయ్యేవి కాబట్టి అది కంప్యూటర్లలోకి రాలేదు. 2003లో లీ మూడు ఉంగరాల కేటనేన్‌లో చిన్న ఉంగరాలను పెద్దదాని చుట్టూ ఒకే దిశలో నడిపించాడు.

2013లో తేలిన సంగతి ఇంకా విచిత్రం. పారాక్వాట్ పెట్టెకు ఎలక్ట్రాన్లు అందించి నీలం రంగుకు తెస్తే, అంతవరకు ధనావేశాల వల్ల దాన్ని వికర్షించిన, సగం కట్టిన మరో పెట్టె దానిలోకి దూరి మూసుకుంది; రెండూ లంకె పడ్డాయి. గడ్డిని చంపే ఆ ఎలక్ట్రాన్ గుటకే ఇక్కడ ఉంగరాలను దగ్గర చేసింది. ఆ పట్టును ఒకసారి వేసి, ఒకసారి వదిలి, ఉంగరాలను పోగు మీదికి బలవంతంగా ఎక్కించే అణుపంపులు 2015లో వచ్చాయి. 2017లో స్టువర్ట్ రోవన్ బృందం ఉంగరాల గొలుసునే పాలిమర్‌గా కట్టింది. స్టొడార్ట్ 2024 డిసెంబరులో చనిపోయేదాకా ఈ పనిలోనే ఉన్నాడు.

అరవై ఏళ్ల లెక్క చూస్తే, లంకె వేయడం దాదాపు సాధించిన పని. నూటికి ఒకటి నుంచి నూటికి నూరు దాకా దిగుబడి వచ్చింది. కదలికను పనిగా మార్చడం ఇంకా బాల్యంలోనే ఉంది; ద్రావణంలో తిరిగే మోటారుకు బరువు ఎత్తే స్థితి రాలేదు. ప్రయోగశాల దాటి బజారుకు చేరింది ఒక్క జారే జెల్ లాంటి వస్తువులే, అదీ ఉంగరాలు పిండి నుంచి చవగ్గా దొరకడం వల్ల.

పత్తి నేలకు దగ్గరైన పని మరోవైపు జరుగుతోంది. గడ్డిమందును పట్టే ఉంగరం కావాలన్న ఐసీఐ నాటి ప్రశ్నకు ఇప్పుడు ఆస్పత్రి వైపునుంచి బదులు వెతుకుతున్నారు. కుకుర్బిట్యురిల్, సల్ఫొనేటెడ్ కాలిక్సరీన్ అనే ఉంగరాకార అణువులు నీటిలో పారాక్వాట్‌ను గట్టిగా పట్టుకుంటాయి. పట్టుబడ్డ అణువుకు ఎలక్ట్రాన్ తీసుకోవడం కష్టమవుతుంది. చైనా పరిశోధకులు వీటిని ఎలుకల మీద పరీక్షించి విషప్రభావం తగ్గిందని చూపారు. మనుషుల చికిత్సలోకి మాత్రం ఇవి రాలేదు. మందు కొన్ని గంటల్లోనే కణాల్లోకి చేరుతుంది. ఉంగరం రక్తంలో ఎంత గట్టిగా పట్టినా కణాల్లోకి పోయినదాన్ని వెనక్కి లాగలేదు. పల్లె నుంచి జిల్లా ఆస్పత్రికి చేరే సమయం ఆ రసాయనానికి అన్నిటికంటే కఠినమైన పరీక్ష.